పాతచెక్క వానప్రస్థము

నగరవాసుల మేడలపైనను, ఇంటి వెనుక మిగిలిన జానెడు పెరటిలోను ఇటీవల ఒక క్రొత్త సామగ్రి కనబడుచున్నది. సరకుల బరువు మోసి మోసి అలసి, ఏ గిడ్డంగి వెనుకనో ఎండకు ఎండి వానకు తడిసిన చెక్కపలకల చట్రమది. వర్తకులు దానిని ప్యాలెట్టు అందురు. చిత్రకారుని చేతిలోని రంగులపలకకును తెలుగున వినవచ్చు పేరు అదియే యగుటచే, మొదటిసారి విన్నవారికి ఈ తోటలలో చిత్రలేఖన మేమి సాగుచున్నదా యను సందేహము కలిగిన తప్పులేదు. దానిని గోడకు నిలువుగా ఆనించి పలకల సందులలో పుదీనా, కొత్తిమీర పెంచువారు కొందరు; నాలుగింటిని చేర్చి మేకులు కొట్టి ఎరువుగూడు కట్టువారు కొందరు; నేలపై పరచి కుండీలకు పీటగా వాడువారు కొందరు. పారవేయదగిన వస్తువును పారవేయక పనికి పెట్టుట మెచ్చదగిన విషయమే. అయితే ఇంటికి తెచ్చుటకు ముందు ఆ చెక్కను ఒకసారి తిరగవేసి చూచు అలవాటు మాత్రము అంతగా కనబడదు. ఇది చిన్న లోపము కాదు. ఏలయన ఆ పలకల నడుమ పెరుగునది కంటికింపైన పూలమొక్క మాత్రమే కాక పిల్లల కంచములోనికి వచ్చు తోటకూర, పాలకూర కూడ.

పాతచెక్కను పెరటికి దింపుట పడమటి దేశములనుండి దిగుమతియైన విద్య యని తలచువారు తాతల ఇండ్లను మరచిపోయినారనవలెను. తెలుగుపల్లెలో చెక్కకు చావు అంత త్వరగా వచ్చెడిది కాదు. ఇల్లు విప్పిన నాడు దూలము పశువులకొట్టమునకు చేరెడిది. కొట్టము ఒరిగిన నాడు అందలి ముక్క దడికి గుంజ యయ్యెడిది. గుంజ చివికిన పిమ్మట పొయ్యిలోనికి పోయెడిది. ఆ పొయ్యిలోని బూడిద తిరిగి చిక్కుడుపాదుపై పేనుబంకకు మందుగా చల్లబడెడిది. పగిలిన గోలెములో మొక్క పెట్టుట, అడుగుపోయిన బకెట్టులో కరివేపాకు నాటుట, కందికంపతో దడి కట్టుట, సరుగుడు గుంజలపై బీరపందిరి వేయుట ఎవరును పుస్తకము చూచి నేర్చినవి కావు. కొల్లేటివారు తాటిమ్రానును తొలిచి దోనె చేసికొనిరి. వస్తువునకు ఒక పని తీరిన పిమ్మట మరియొక పని వెదకిపెట్టుట ఇంటి నడవడిలో భాగమై యుండెను. దానికి ప్రత్యేకముగా ఒక పేరును లేకుండెను.

కాని ఆ దూలమునకును ఈ ప్యాలెట్టునకును ఒక భేదము కలదు. దూలము ఏ చెట్టుదో, ఎవరి హయాములో కొట్టించినదో, దానిపై ఏమి వ్రేలాడినదో ఇంటివారికి తెలిసియుండెడిది. ప్యాలెట్టు ఊరు పేరు ఎరుగని బాటసారి. అది ఏ దేశపు అడవిలో పుట్టినదో, ఏ ఓడలో వచ్చినదో, దానిపై పంచదార బస్తాలు ప్రయాణము చేసినవో పురుగుమందు పీపాలు ప్రయాణము చేసినవో తెచ్చుకొన్నవారికి తెలియదు. చిత్రమేమనగా, ఆ వృత్తాంతములో సగము దాని యొంటిమీదనే వ్రాసియున్నది. చదువువారు తక్కువ.

ప్యాలెట్టు వృద్ధి యుద్ధముతో ముడిపడి యున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యము సముద్రముల కావలకు పంపవలసిన సరకు అపారము. కూలీలు ఒక్కొక్క పెట్టెను ఎత్తి దింపుటకు కాలము చాలదు. ముందున రెండు ఇనుపకొమ్ములు గల బండియు, ఆ కొమ్ములు దూరుటకు అడుగున సందు గల చెక్కచట్రమును కలిసి ఆ చిక్కును విప్పినవి. యుద్ధము ముగిసిన పిమ్మట ఆస్ట్రేలియాలో ఆ సైన్యము వదలిపోయిన చట్రములే అక్కడి అద్దెప్యాలెట్ల వ్యాపారమునకు మూలధన మైనవి. 1961లో ఐరోపా రైల్వేలు ఒక కొలతకు ఒప్పుకొని, 1200 మిల్లీమీటర్ల పొడవు, 800 మిల్లీమీటర్ల వెడల్పు గల ప్యాలెట్టును ఉమ్మడిగా వాడనారంభించినవి. దానిలో 11 పలకలు, 9 దిమ్మలు, 78 మేకులు ఉండును. తెలుగునాట దొరకునవి ఈ ఒక్క కొలతవి కావు. విదేశపు యంత్రముల క్రింద వచ్చిన పైను చెక్కవి కొన్ని. ఈ దేశముననే మామిడి, నీలగిరి మొదలగు చెక్కలతో కొట్టినవి కొన్ని. విశాఖపట్నము రేవులో దిగు సరకులతోను, హైదరాబాదు చెంతనున్న జీడిమెట్ల, పటాన్‌చెరు పారిశ్రామికవాడలకు వచ్చు లారీలతోను ఇవి వచ్చి, సరకు దిగిన వెంటనే దిక్కులేనివై పాతసామానుల వర్తకుని చేతిలో పడును.

ఇక ఆ వ్రాత సంగతి. దేశములు దాటివచ్చిన ప్యాలెట్టు ప్రక్కదిమ్మపై కాల్చి అద్దినట్లు ఒక ముద్ర యుండును. దానిలో ఎడమవైపున నిలువుగా ఒక గోధుమకంకి బొమ్మ, దాని ప్రక్క ఐ.పి.పి.సి. యను అక్షరములు. తరువాత దేశమును తెలుపు రెండక్షరములు: భారతదేశమునకు ఐ.ఎన్., చైనాకు సి.ఎన్., జర్మనీకి డి.ఇ. పిదప చెక్కను శుద్ధిచేసిన వారి సంఖ్య, ఆపైన ఏ రీతిని శుద్ధి చేసిరో తెలుపు అక్షరములు.

ఈ ముద్ర పుట్టుటకు కారణము తోటవారికి తెలియదగినది. 1996లో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ ప్రాంతమున వీధిచెట్ల మ్రానులను తొలుచుచున్న ఒక పొడవుమీసముల పెంకుపురుగు బయటపడినది. ఆసియానుండి సరకులతో వచ్చిన పచ్చిచెక్కలో దాగి అది సముద్రము దాటినట్లు తేలినది. దానిని తుదముట్టించుటకు వేలకొలది చెట్లను నరికి ముక్కలు చేయవలసి వచ్చినది. 1999లో పోర్చుగల్ దేశపు పైనుతోపులలో చెట్లను ఎండబెట్టు సూక్ష్మమైన నులిపురుగు కనబడినది. ఐరోపాకు అది అంతకుముందు లేని చీడ. పంటల నాశ్రయించు పురుగులను పరీక్షించు రేవుల అధికారులు ఆ పంటలను మోయు చెక్కను పరీక్షింపకుండుట వలన వచ్చిన అనర్థమిది. కావున 2002లో అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడిక క్రింద చెక్కపెట్టెలకును, ప్యాలెట్లకును ఒక ప్రమాణము నిర్ణయింపబడినది. భారతదేశము 2003లో వెలువరించిన సస్యనిర్బంధపు ఉత్తర్వు ప్రకారము దిగుమతియగు సరకుల క్రింది చెక్కకును ఈ శుద్ధి కావలెను.

హెచ్.టి. యను రెండక్షరములు వేడితో శుద్ధిచేసినట్లు చెప్పును. చెక్క నడిగుండెలో 56 డిగ్రీల సెంటీగ్రేడు వేడి 30 నిమిషములు ఎడతెగక నిలువవలెనని నియమము. ఇందులో మందు లేదు. ఒక విధముగ చెక్కకు ఆవిరిస్నానము వంటిది. డి.హెచ్. యనునది విద్యుత్తరంగములతో పుట్టించిన వేడి. ఈ రెండును తోటకు పనికివచ్చునవే. ఎం.బి. యను అక్షరములున్న చెక్క వేరు. అది మిథైల్ బ్రోమైడు వాయువు పట్టించిన చెక్క. ఆ వాయువు మనుష్యులకు విషము. పైగా ఆకాశమునందలి ఓజోను పొరను కొరికివేయునది. మాంట్రియల్ ఒడంబడిక క్రింద సంపన్నదేశములు 2005 నాటికిని, తక్కినవి 2015 నాటికిని దాని వాడకమును మానవలెనని నిర్ణయమైనను, రేవులలో సరకులకు చేయు పురుగుల నిర్మూలనమునకు మినహాయింపు ఉంచబడినది. ఐరోపా సమాఖ్య 2010లో ఆ మినహాయింపును కూడ తనకు తాను రద్దు చేసికొన్నది. తక్కిన దేశములనుండి వచ్చు చెక్కపై ఆ అక్షరములు కనబడవచ్చును.

ఇచ్చట న్యాయముగా ఒక మాట చెప్పవలసియున్నది. ఆ వాయువు చెక్కలో చిరకాలము నిలువదు. చాలవరకు గాలిలో కలసిపోవును. కావున ఎం.బి. ముద్ర చూచి అది పాము వలె అదరిపడి పారిపోవుట అతిజాగ్రత్తయే యని వాదించువారి మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఆకుకూరల మడికి ఆ చెక్కనే వాడి తీరవలెనన్న నిర్బంధము ఎవరికిని లేదు. దానిని కుండీల పీటగానో, పనిముట్లు పెట్టు అరగానో వాడుకొని, తిను మొక్కల చెంతకు వేడితో శుద్ధియైనదానిని మాత్రము చేర్చిన పోవున దేమున్నది? పది ప్యాలెట్లలో రెంటిని వదలివేయుటకు కూడ ఇష్టపడని మనసు పొదుపునకు చెందినది కాదు, లోభమునకు చెందినది.

అసలు భయపడవలసినది ముద్ర చెప్పని సంగతులకు. చెక్క పుట్టుకను మాత్రమే ముద్ర చెప్పును. దాని సహవాసములను చెప్పదు. నిక్షేపముగా హెచ్.టి. ముద్ర పడిన ప్యాలెట్టుపైననే మరునాడు పురుగుమందు డబ్బా పగులవచ్చును, బ్యాటరీ ఆమ్లము ఒలుకవచ్చును, యంత్రముల నూనె కారవచ్చును. పైను వంటి మెత్తని చెక్క దేనినైనను పీల్చుకొనును. 2010 జనవరిలో అమెరికాలో ఒక ఔషధసంస్థ తన మందులను పెద్దయెత్తున అంగళ్ళనుండి వెనుకకు పిలువవలసి వచ్చినది. సీసా మూత తీయగానే బూజుకంపు కొట్టుచున్నదని ప్రజలు ఫిర్యాదు చేసిరి. కొందరికి వికారమును, కడుపునొప్పియు కలిగినవి. కారణమును వెదకగా, ఆ సరకును మోసిన చెక్కప్యాలెట్లకు పట్టించిన ఒక రసాయనము విరిగి పుట్టిన పదార్థమే ఆ కంపు అని తేలినది. మూత బిగించిన సీసాలోనికే చెక్కనుండి అది దారి చేసికొన్నది. ఈ కథ తెలిసినవారు ప్యాలెట్టును కంటితో మాత్రమే కాక ముక్కుతో కూడ పరీక్షింతురు. ఎండలో ఒక పూట పెట్టి, వేడెక్కిన పిమ్మట దగ్గరగా వాసన చూడవలెను. మంచిచెక్కకు చెక్కవాసన తప్ప మరియొక వాసన ఉండదు. నల్లని నూనెమరకలు, తెల్లని పొడి పేరుకొనిన చారలు, ఏమిటో తెలియని రంగులు ఉన్నదానిని అంగడివానికే వదలివేయుట మంచిది. ముద్రయే లేని ప్యాలెట్టు తప్పక చెడ్డది కాదు. దేశములోపలనే తిరిగినదానికి ఆ ముద్ర అక్కరలేదు. కాని దానికి సాక్ష్యము చెప్పువారెవరును లేరు గనుక కంటిని, ముక్కును మరింత నమ్ముకొనవలెను. అట్టి చెక్క బెరడుతోను, పురుగు తొలిచిన బెజ్జములతోను ఉన్నచో మామిడితోట ఉన్నవారు దానిని తోటగట్టుపై పడవేయుట తెలివి కాదు.

పాతచెక్క కుప్పలో ప్యాలెట్లతో కలసి ఇతర పలకలును వచ్చును. అందు లేత ఆకుపచ్చ జీర గలవి కనబడిన జాగ్రత్త పడవలెను. రాగి, క్రోమియము, ఆర్సెనికు కలిసిన లవణములను ఒత్తిడితో ఎక్కించిన చెక్క అది. పురుగు పట్టక ఏండ్ల తరబడి నిలుచును; ఆ కారణముననే ఒకప్పుడు అమెరికాలో పిల్లల ఆటస్థలములకు సైతము వాడిరి. 2003 చివర అక్కడి తయారీదారులు దానిని ఇండ్ల వాడకమునుండి ఉపసంహరించిరి. చెద పట్టని చెక్క దొరికినదని సంబరపడువారు, చెద ఎందువలన పట్టుట లేదని ఒక్క ప్రశ్న వేసికొనిన చాలును.

చెద మాట వచ్చినది గనుక చెప్పవలసినది మరియొకటి కలదు. తోటపనిని గూర్చిన పడమటి పుస్తకములను చూచి ఇచ్చట ప్యాలెట్టు మడులు కట్టువారు మోసపోవుచున్నది ఇచ్చటనే. చలిదేశములందు పైనుపలక మట్టిని తాకియున్నను కొన్నేండ్లు నిలిచి మెల్లగా చివుకును. తెలుగుగడ్డపై మట్టిలో పాతిన మెత్తచెక్కకు చెదలు అంత వ్యవధి ఈయవు. ఆషాఢములో కట్టిన మడి పలకను సంక్రాంతినాడు వ్రేలితో పొడిచిన, లోపల అట్టముక్క వలె నలిగిపోవుట అరుదు కాదు. వేడితో శుద్ధియైన చెక్కకు చెద రాదని కొందరి భ్రమ. ఆ వేడి నాటికి చెక్కలో నున్న పురుగును చంపినది. రేపు రాబోవు పురుగునకు అది ఎట్టి అడ్డంకియు కాదు. ఆ ప్రమాణము వ్రాసినవారును అట్టి హామీ ఇచ్చియుండలేదు.

కావున ఈ దేశపు ఎండకు, వానకు, చెదకు తగినట్లు ప్యాలెట్టును క్రొత్తగా ఆలోచించి వాడుకొనవలెను. మొదటి సూత్రము: చెక్క నేలను తాకరాదు. నాలుగు మూలల ఇటుకలో, నాపరాతి ముక్కలో పెట్టి జానెడు ఎత్తున నిలిపిన, చెదలు ఎక్కు మట్టిదారి ఆ ఇటుకమీద కంటబడును. వారమునకొకసారి చీపురుతో దులిపివేసిన సరిపోవును. నేలను తాకియున్న చెక్కలో ఆ దారి లోలోపలనే సాగును గనుక పలక కూలువరకు ఎవరికిని తెలియదు. వేపనూనె పూయుట మంచిదే గాని వానకు కడిగిపోవును. తొలకరికి ముందొకసారి, కార్తికములో ఒకసారి తిరిగి పూయవలెను. జీడిపిక్కల తొక్కునుండి తీయు నూనెను పడవల చెక్కకు పట్టించు వాడుక తీరప్రాంతములలో కలదు. జీడిపరిశ్రమకు పేరుపొందిన పలాస ఉన్న రాష్ట్రములో అది దుర్లభ వస్తువు కాదు. అయితే అది ఒంటిమీద పడిన పొక్కులెక్కించును. చేతితొడుగులు వేసికొని పీటలకును, పందిరిగుంజలకును పూయవచ్చును గాని, కూరమడి లోపలివైపు పూయరాదు.

మేడపై తోట పెంచువారు తెలిసికొనదగిన లెక్క ఇంకొకటి కలదు. చెద కంటె, మందుల కంటె ఇది బరువైనది. 1200 మిల్లీమీటర్ల పొడవు, 1000 మిల్లీమీటర్ల వెడల్పు గల ప్యాలెట్టును అడుగుగా పెట్టి, చుట్టును పలకలు బిగించి, 30 సెంటీమీటర్ల లోతున మట్టి నింపినచో దానిలో పట్టునది ఘనపు మీటరులో మూడవవంతు కంటె కొంచె మెక్కువ. తడిసిన తోటమట్టి ఘనపు మీటరు సుమారు 1700 కిలోల బరువు తూగును. అనగా ఆ ఒక్క మడి 600 కిలోలు దాటును. కప్పుమీద చదరపు మీటరునకు 500 కిలోలకు పైబడి భారము పడును. మనుష్యులు ఎక్కి తిరుగు చదును కప్పులకు భారతీయ ప్రమాణము 1987లో నిర్ణయించిన లెక్క చదరపు మీటరునకు 1.5 కిలోన్యూటన్లు, అనగా సుమారు 150 కిలోలు. మూడింతలు మించిన ఈ బరువును మేడ నడుమ పెట్టి, శ్రావణమాసపు ముసురులో రాత్రియంతయు తడిపి, క్రింది గదిలో పిల్లలను నిద్రపుచ్చు గృహస్థుని ధైర్యమును మెచ్చుకొనలేము. చెక్క తేలికగా ఉన్నది గనుక మడియు తేలికయే యని కన్ను మోసపోవును. బరువంతయు మట్టిలోను, నీటిలోను ఉన్నది. మట్టికి బదులు కొబ్బరిపొట్టును, ఆకుల ఎరువును ఎక్కువగా కలిపి, లోతు అరజానెడు తగ్గించి, గోడలపైనను దూలములపైనను భారము పడునట్లు అంచుల వెంబడి అమర్చిన కొంతవరకు నిశ్చింత. పాతబడిన మేడ అయినచో ఇంజనీరును అడుగనిదే ఆ పని తలపెట్టరాదు.

ఇవన్నియు చదివి ప్యాలెట్టు వలదనుకొనుట తొందరపాటు. దానికి సహజముగా తగిన పనులు తోటలో చాల కలవు, వానిలో మట్టితో పొత్తు లేనివే శ్రేష్ఠములు. ఎండవైపు గోడకు నాలుగంగుళముల ఎడముగా నిలువబెట్టిన ప్యాలెట్టు తీగబచ్చలికిని, చిక్కుడునకును, కాకరకును సిద్ధమైన నిచ్చెన. పలకల మధ్య సందు తీగ చుట్టుకొనుటకు కొలిచి పెట్టినట్లుండును. తీగ బలిసిన పిమ్మట చెక్క కనబడనే కనబడదు. కుండీల క్రింద పీటగా పెట్టిన నీరు నిలువదు, కప్పు చెమ్మ పట్టదు, గాలి ఆడును. అన్నిటికంటె ఎరువుగూడునకు అది పెట్టినది పేరు. నాలుగు ప్యాలెట్లను చదరముగా నిలిపి మూలలు తాడుతో కట్టిన, నిలువునను అడ్డమునను ఇంచుమించు మీటరు గల గూడు ఏర్పడును. ఆకులు, కూరగాయల తొక్కులు, పేడ, ఎండుగడ్డి పొరలు పొరలుగా వేసిన ఆ పరిమాణములో లోపల వేడి నిలుచును. సందులనుండి గాలి పోవును. కలియబెట్టవలసినప్పుడు ముందటి ప్యాలెట్టు ముడి విప్పి తీసిన చాలును. ఎరువుతోపాటు గూడు కూడ మెల్లమెల్లగా ఎరువగును గనుక అక్కడ చివికినను విచారము లేదు. అట్టి చోట మాత్రము చెక్క ముద్రను రెండుసార్లు చదువుట అవసరము. ఆ ఎరువు తిరిగి పోవునది కూరమడికే గదా.

విప్పుట గూర్చి కొంచెము. ప్యాలెట్టు మేకు మామూలు మేకు కాదు, మెలిదిరిగి యుండును. పట్టుకారుతో లాగిన పలక చీలును గాని మేకు రాదు. అనుభవముగల వడ్రంగి లాగనే లాగడు. పలకకును దిమ్మకును నడుమ రంపపు అలుగు దూర్చి మేకునే కోసివేయును. తుప్పుపట్టిన మేకు గుచ్చుకొనిన ధనుర్వాతము టీకా వేయించుకొనవలెనను సంగతి ఎల్లరకును తెలిసినదే, వేయించుకొనువారే కొందరు. చిత్రిక పట్టునపుడు లేచు పొడి కూడ పీల్చదగినది కాదు.

ఈ ప్యాలెట్టు మోజులో వింతపోకడలు లేకపోలేదు. పాతచెక్క అందమని పుస్తకములు చెప్పగా, క్రొత్త పైనుపలకలు కొనితెచ్చి, ఉలితో గాట్లు పెట్టి, కాఫీ డికాక్షను పూసి ముసలితనము తెప్పించి ప్యాలెట్టు సామాను అను పేర అమ్ముటయు కొనుటయు సాగుచున్నవి. పొదుపు పేరిట పుట్టిన అలవాటు దుబారాకు మారువేషమైనప్పుడు దానిని అలవాటు అనుట కంటె వేడుక అనుట సమంజసము. పెక్కు దేశములలో నీలిరంగు మొదలగు రంగులు పూసిన ప్యాలెట్లు అద్దెసంస్థల సొత్తు. వానికి అమ్మకము లేదు. చౌకగా వచ్చినవని వానిని కొని కోసివేయుట, పెరటిలో దాచినను, పరుల సొమ్మును కోయుటయే.

మరి ఏ చెక్క తోటకు రావలెను? సరకును మోయగల సత్తువ ఉన్నంతకాలము ప్యాలెట్టు ప్యాలెట్టుగానే తిరుగవలెను. విరిగిన పలకను మార్చి, సడలిన మేకును బిగించి తిరిగి గిడ్డంగికి పంపువారు ఊరి పొలిమేరల పారిశ్రామికవాడలలో ఉన్నారు. ఆ పని వలన కొన్ని కుటుంబములు బ్రతుకుచున్నవి, ఒక చెట్టు ఇంకొంత కాలము నిలుచుచున్నది. తోటకు కావలెనని గట్టి ప్యాలెట్టునకు ఎక్కువ ధర పెట్టి తెచ్చుట వారి ముడిసరకును లాగుకొనుట. బాగుచేయుటకు వీలుకానిది వడ్రంగి చేతిలో పీటయో పెట్టెయో కావలెను. అందులకును పనికిరానిది, చరమదశలో నున్నది, పెరటికి రావలెను. గృహస్థాశ్రమపు బరువు బాధ్యతలు దించుకొని అడవిదారి పట్టిన పెద్దవాని వలె, చెట్టుగా పుట్టినది చెట్ల మధ్యకు తిరిగి చేరుటలో ఒక ఔచిత్యము కలదు. ఆ వయసులో దానిపై మరల మోయరాని బరువు పెట్టుట అన్యాయము. ఒక తీగను, రెండు కుండీలను అది సంతోషముగా మోయును.

ఆ దారి పట్టని ప్యాలెట్టులు పోవు చోటు చాలవరకు పొయ్యి. టీ అంగళ్ళ వెనుక, హోటళ్ళ వంటశాలలలో, ఇటుకబట్టీలలో పాతచెక్క ధరకు దొరకు వంటచెరకు అదియే. శుభ్రమైన చెక్క అయినచో అందు దోషము లేదు. కాని రంగు పూసినది, మందు పట్టించినది, నూనె త్రాగినది కూడ అదే కుప్పలో చేరి మండుచున్నది. ఆ పొగను రోజంతయు పీల్చునది పొయ్యి ముందు కూర్చున్న వంటమనిషి. ఆర్సెనికు ఎక్కించిన చెక్క కాలినను ఆర్సెనికు కాలదు. కొంత పొగలోను, మిగిలినది బూడిదలోను చేరును. బూడిద చల్లిన చిక్కుడునకు పేనుబంక పోవునని నమ్మి ఆ హోటలునుండియే గోనెసంచితో బూడిద తెచ్చుకొను ఇల్లాలికి ఆ సంగతి ఎవరును చెప్పరు. పూర్వపు బూడిద వేపకట్టెది, తుమ్మకట్టెది. అలవాటు అదియే నిలిచినది, కట్టె మారినది. పాతచెక్క అమ్మువారు రంగుచెక్కను, మరకచెక్కను వేరు కుప్పగా పోసి పొయ్యికి అమ్మకుండుట పెద్ద శ్రమ కాదు. పురపాలకసంఘములు ఆ మాట ఒక్క పలకపై వ్రాయించి ఆ అంగళ్ళ ముందు కట్టించిన బాగుండును. పన్నుల బకాయిల పలకలు కట్టుటకు చూపు శ్రద్ధలో నాలుగవవంతు చాలును.

సరియైన చోట, నేలకు తగులకుండ నిలిపిన ప్యాలెట్టు రెండు మూడు వర్షఋతువులను చూడగలదు. అటుపిమ్మట పలకలు మెత్తబడి, అంచులు రాలి, వానలకు దానిపై చిన్న చిన్న పుట్టగొడుగులు లేచును. అప్పుడు దానిని విరిచి, ముక్కలను ఎరువుగూడు అడుగుపొరగా వేసిన, మరుసటి ఏటికి నల్లని పొడియై చేతికి వచ్చును. మేకులను మాత్రము మట్టిలో వదలరాదు. ఒక అయస్కాంతమును దారమునకు కట్టి ఆ పొడిపై ఈడ్చినచో ఒక్కొక్కటే వచ్చి అంటుకొనును. డబ్బా నిండిన నాడు పాతయినుము కొనువానికి ఈయవచ్చును.